పిలిచి పాడించుకున్న పాట

మా అత్త పోయిందని మామ ఫోన్ చేసేటప్పటికి నేను దంతెవాడలో మా ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఉన్నాను. "మీ అత్త లేదు బిడ్డా" అన్నాడు. "పొద్దుగాల చింతపండు గింజ తీసుకుంట కూసున్నది. చాయ్ ఇద్దామని పోతే పలకలే." ఫోన్ పెట్టేసే ముందు "పార్టీకి చెప్పిన, అందరు వస్తున్నరు, నువ్వు గూడ రా" అన్నాడు. మా బస్తర్‌లో పార్టీ అనగానే పై ఊళ్ళవాళ్ళు ఉలిక్కిపడతారు గానీ ఇది ఓట్ల పార్టీ కాదు, మీరు అనుకునే ఇంకో పార్టీ కూడా కాదు. పెళ్ళిళ్ళలో పాడే నలుగురు ఆడవాళ్ళు, ఒక డోలు, అంతే. ఆ పార్టీకి పెద్ద మా అత్త. మా నాన్నకు అక్క. డోలు ఆమె మొగుడిది, అంటే మా మామది.

దంతెవాడ నుంచి సుక్మా పోయే బస్సులో డ్రైవరు తన ఫోన్లో పాటలు పెట్టుకున్నాడు. హిందీవి రెండు అయ్యాక మా అత్త గొంతు వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను గానీ కండక్టరు చూడనే చూశాడు. ఏమైందని హిందీలో అడిగితే, ఈ పాడుతున్నామె మా మేనత్త అని చెప్పాను. "మంచిగ పాడుతది, ఏ ఊరు?" అన్నాడు ఈసారి తెలుగులోనే. మరైగూడ అన్నాను. నాకివ్వాల్సిన చిల్లర చేతిలోనే పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడి విన్నాడు. ఆమె లేదని అతనికి చెప్పకుండానే చిల్లర అందుకున్నాను.

ఇది చదువుతున్న మీలో కొందరు కూడా ఎక్కడో ఒకచోట ఆమె గొంతు వినే ఉంటారు. ఆమె పేరు మాత్రం ఇక్కడ రాయను. పోయిన పెద్దవాళ్ళని మా ఇళ్ళల్లో వరస పెట్టే తలుచుకుంటాం, పేరు పెట్టి కాదు. అందుకని ఇక్కడ కూడా ఆమె మా అత్తే.

అత్త పొడుగు మనిషి. గబగబా నడిచేది. ఆమె వెనక నడవాలంటే మా మామ సగం దూరం పరిగెత్తాల్సి వచ్చేది, డోలు మెడలో ఉంటే మరీను. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది, గ్లాసులో తాగేవాళ్ళని తొందరగాళ్ళు అనేది. ఆడపడుచులతో దోర్లీ, ఎండుచేపలమ్మే ఆవిడతో హల్బీ, మాతో తెలుగు. ఆఫీసు పని మీద వచ్చినప్పుడు మా సాహెబ్‌తో హిందీ మాట్లాడేది. ఆమె మాట్లాడితే హిందీకే చెమటలు పట్టేవి, కానీ ఆమె పని ఎప్పుడూ ఆగలేదు. కొత్తవాళ్ళు ఎవరు కనిపించినా ముందు పేరు అడిగేది, తర్వాత తల్లి పేరు, ఆ తర్వాతే మిగతా మాట. ఒకసారి విన్న పేరు మరిచిపోయేది కాదు. పెళ్ళి పాటలు పాడే మనిషికి అది తప్పనిసరి.

ఎందుకంటే మా వైపు పెళ్ళిపాటల్లో పేర్లుంటాయి. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వాళ్ళ తల్లిదండ్రులు, మేనమామ, అందరి పేర్లూ పాటలో పడాలి. పడకపోతే ఆ మేనమామ అలిగి అరుగు మీద కూర్చుంటాడు. మా అత్త ఎక్కువగా పాడే పాటలో ఈ మాటలుండేవి:

ఫలానా వచ్చిండు, తలుపు తీయరే
ఫలానా లేచింది, దీపమెత్తరే

ఆ ఫలానా దగ్గర ఎవరి పెళ్ళయితే వాళ్ళ పేరు వస్తుంది. ఏ ఊరి పాటకైనా ప్రాణం అక్కడే ఉంటుందని అత్త నమ్మకం.

ఆమె చిన్నతనంలో పాడేవాళ్ళకి విలువ ఉండేది కాదట. పొలం పనికి పిలిచినట్టే, దారిన పోయేవాడితో "మీ ఆడోళ్ళని రమ్మను" అని కబురు పెట్టేవాళ్ళు. వెళ్ళి గొంతు పోయేదాకా పాడి, ఆఖరి బంతిలో మిగిలింది తిని, నడిచి ఇంటికి రావడమే. పార్టీ తన చేతికి వచ్చాక అత్త ఒక్కటే పట్టు పట్టింది. పెళ్ళి ఇంటావిడ గడప దాకా వచ్చి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చి పిలవాలి. ఇచ్చేది ఎంతో ముందే ఒప్పుకోవాలి. అప్పుడే వస్తుంది పార్టీ. ఇది విని నవ్వినవాళ్ళే ఎక్కువ.

ఒకసారి రోడ్డు పనులు చేయించే ఒక ఠేకేదారు ఇంట్లో పెళ్ళి. మోటరు సైకిల్ మీద ఒకడొచ్చి బండి దిగకుండానే "రమ్మన్నరు" అని చెప్పి పోయాడు. అత్త కదల్లేదు. పిలవని పేరంటానికి పోయి బొట్టు తక్కువైందని ఏడ్చుడెందుకు, అని చేట తీసుకుని బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చుంది. పార్టీలో మిగతా ముగ్గురికీ భయం. అంత పెద్ద ఇల్లు, రేపు కూలికి పిలవకపోతే ఎట్లా అని. మధ్యాహ్నం దాటాక పెళ్ళికూతురి తల్లే కుంకుమ భరిణె పట్టుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చింది. పాట లేక పందిరి బోసిగా ఉందట, ఇంటి ముసలావిడ అన్నం ముట్టడం లేదట. అత్త లేచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, బొట్టు పెట్టించుకుని, ఏమీ జరగనట్టే "పిల్ల పేరేందమ్మా" అని అడిగింది. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో. ఇప్పుడు మీకు చెబుతున్నప్పుడు కూడా నా వీపు నిటారుగా అవుతోంది.

పాటలు అమ్మాలన్న ఆలోచన ఆమెకు మిరప చేలల్లో వచ్చింది. మా ఊళ్ళవాళ్ళు ఏటా తెలంగాణ వైపు మిరపకోతకు పోతారు. మద్దేడ్ వైపు నుంచి కూడా ఆడవాళ్ళు వస్తారు. ఏరుతూ ఏరుతూ పాడుకుంటుంటే ఆ మద్దేడ్ ఆడవాళ్ళలో ఒకామె అడిగిందట, "నిన్ను మూటగట్టి మా ఇంటికి తీసుకపోలేను గద అక్కా, నీ పాట దుకాణంల దొరుకుతదా?" అని. ఆ ఏడాది కోత డబ్బులు చేతికి రాగానే అత్త పార్టీని వెంటబెట్టుకుని దంతెవాడలో నా గదిలో దిగింది.

బస్టాండు పక్కన ఒక స్టూడియో ఉంది. దాని ఓనరు పెళ్ళి ఫొటోలూ వీడియోలూ తీస్తాడు. అతని తండ్రి కిరందుల్ గనిలో పని కోసం కోస్తా నుంచి వచ్చినాయన. ఇతను ఇక్కడే పుట్టినా మాటలో ఆ "అండి" పోలేదు. మైకు పెట్టి, తలుపు వేసి, "కానివ్వండమ్మా" అన్నాడు.

"ఎవరి పెండ్లి ఇది?" అంది అత్త.

"ఎవరి పెళ్ళీ కాదండి. రికార్డింగండి."

"ఎవరిది గాకపోతే ఏం పేర్లు పెట్టాలె?"

"మీ ఇష్టమండి. రోజూ ఎలా పాడతారో అలాగే పాడెయ్యండి."

రోజూ పాడినట్టే పాడారు. అంతకు ముందు వారం ఎవరి పెళ్ళికి పాడారో వాళ్ళ పేర్లే పాడారు. కన్నయ్య వచ్చిండు, తలుపు తీయరే. జోగమ్మ లేచింది, దీపమెత్తరే. నేనూ అక్కడే ఉన్నాను, స్టూడియో అతనూ ఉన్నాడు, ఎవరికీ ఏమీ అనిపించలేదు. పాట బ్రహ్మాండంగా వచ్చింది. పార్టీలో అందరికన్నా చిన్నది, అత్తకు తోటికోడలు, నాకు చిన్నత్త, తన గొంతు పెట్టెలోంచి వినపడేసరికి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎవరో ఒకరు ఎత్తుకుంటే వెనక అందుకోవడమే తప్ప ఒక్క పాటా తనంతట తాను ఎత్తుకునేది కాదు చిన్నత్త.

సీడీలు కోంటా సంతలో పెట్టి అమ్మారు. గుడ్డ మీద ఒక పక్క చింతపండు, ఒక పక్క సీడీలు. చింతపండు బేరమాడొచ్చు, సీడీ మాత్రం చెప్పిందే రేటు. అదేమిటని ఎవరైనా అడిగితే, "చింతపండు చెట్టు కాసింది, ఎంతకన్న అడుగు. ఇది మేం కాసినం" అనేది అత్త. జనం నవ్వి కొనేవాళ్ళు. కోతకూలీల మూటల్లో ఆ సీడీ మద్దేడ్ దాకా పోయింది.

కొన్నాళ్ళకు మామ ఫోను మోగింది. సీడీ అట్ట మీద ఆయన నంబరే ఉంది. మద్దేడ్ నుంచి ఒకాయన నిప్పులు కక్కుతున్నాడు. వాళ్ళ పిల్ల పెళ్ళిలో ముచ్చటపడి మైకుసెట్టులో మా అత్త పాట పెట్టారట. అల్లుడు పందిట్లోకి అడుగు పెడుతుంటే ఊరంతా వినపడేలా కన్నయ్య వచ్చిండు అని మోగింది. ఆ అల్లుడి పేరు కన్నయ్య కాదు. మగపెళ్ళివాళ్ళ ముసలావిడ "ఈ కన్నయ్య ఎవడు, ముందు అది తేల్చండి" అని పందిట్లో కూర్చుండిపోయిందట. "మా పిల్లను ఇంకొకనికిచ్చి చేసినవ్ గదా నువ్వు" అని ఆయన మామని కడిగేశాడు.

అసలు కన్నయ్యకు మాత్రం కొమ్ములొచ్చాయి. ఏ ఊళ్ళో ఎవరి పెళ్ళయినా తన పేరే మోగుతోందని సంతలో రొమ్ము విరుచుకుని తిరిగేవాడు. జోగమ్మ "ఇంగెన్ని పెండ్లిళ్ళు చేసుకుంటవ్ రా" అని నలుగురిలో తిట్టేది.

మేమంతా పడి పడి నవ్వుతుంటే అత్త నవ్వలేదు. పార్టీని తీసుకుని, దారి ఖర్చు తానే పెట్టుకుని, మద్దేడ్ పోయింది. పదహార్రోజుల పండగకు అందుకుని, ఆ గడపలో నిలబడి ఆ పిల్ల పేరు, ఆ అల్లుడి పేరు పెట్టి మొదటి నుంచి చివరిదాకా పాడింది. ముసలావిడ పేరు రెండుసార్లు వేసింది. వచ్చేటప్పుడు వాళ్ళు చీర పెట్టి పంపారు. ఆ చీర కట్టుకునే రెండో సీడీకి మళ్ళీ దంతెవాడ వచ్చింది.

ఈసారి పేరు వచ్చే చోట ఆమె నోరు మూసుకుంది. అక్కడ మామ డోలు ఒక్కటే మోగుతుంది. పేరు పట్టేంత సేపు మోగి, మళ్ళీ "వచ్చిండు, తలుపు తీయరే" అని ఆడవాళ్ళు అందుకుంటారు. స్టూడియో అతనికి ఇది నచ్చలేదు. "అమ్మా, ఇక్కడేదో ఎగిరిపోయినట్టుందండి. సీడీ పాడైందనుకుని వాపసు తెస్తారు" అన్నాడు.

"తేనీ. ఇదేందని అడగనీకి నా దగ్గరికే వస్తరు గద" అంది అత్త.

నిజంగానే వచ్చారు. సంతలో సీడీ కొన్న ప్రతివాళ్ళకూ ఆమె కొసరు పాట పాడేది. ఇంట్లో పెళ్ళెవరిది, పేరేమిటి, తల్లి పేరేమిటి అని అడిగి, నీళ్ళ డ్రమ్ము బోర్లించి దాని మీద అరచేత్తో దరువు వేస్తూ, ఆ ఖాళీలో ఆ పేర్లు పెట్టి పాడి వినిపించేది. "ఇట్ల పెట్టాలె. సీడీల పాట మాది, పేరు మీ ఇంటి ఆడోళ్ళే పెట్టాలె" అని నేర్పేది. నేర్చుకోలేనివాళ్ళు పార్టీనే పిలుచుకునేవాళ్ళు, బొట్టు పెట్టి. అమ్ముడుపోయిన సీడీల కన్నా వాటి వెంట వచ్చిన పిలుపులు ఎక్కువయ్యాయి. పెళ్ళిళ్ళ నెలల్లో ఆ నలుగురికీ కూలికి పోవాల్సిన పని లేకపోయింది. "కొనుడంటే ఏంది బిడ్డా, అడుగుడే గద. అడిగినోడు ఇంటడు" అని ఒకసారి నాతో అంది. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

తర్వాత ఊరూరికీ టవర్లు వచ్చాయి. అందరి చేతుల్లోకీ పాటలు పాడే ఫోన్లు వచ్చాయి. సీడీ ప్లేయర్లు కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి పనికొచ్చాయి. ఎవరో, ఎవరో ఇప్పటికీ మాకు తెలియదు, మా అత్త సీడీని కంప్యూటర్లో ఎక్కించి నెట్‌లో పెట్టారు. పెట్టినవాళ్ళు ఆ డోలు ఖాళీలను చూసి పాత సీడీ గదా, చెడిపోయిందనుకున్నారు కాబోలు, పాపం శుభ్రంగా కత్తిరించి అతికించారు. పేరు లేదు, పేరు పెట్టే చోటూ లేదు. వచ్చిండు తలుపు తీయరే, లేచింది దీపమెత్తరే అని పాట ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. అదే జీపుల్లో, బచేలీ గని క్వార్టర్లలో, పెళ్ళి డీజేల్లో మోగిపోయింది. పాడిందెవరో ఎక్కడా లేదు.

ఊళ్ళో అందరూ సంబరపడ్డారు. ఆ ఏడాది పెళ్ళిళ్ళ నెలల్లో మాత్రం మా అత్త గడప ఎవరూ తొక్కలేదు. పిలవాల్సిన అవసరమేముంది, జేబులోనే పాడుతోంది గదా. డీజే పెట్టె మోసుకుని పికప్ బండి ఊళ్ళోకి వస్తుంటే అందులోంచి తన గొంతే వస్తుండేది. మామ డోలు అటకెక్కించాడు. నలుగురూ కోత మొదటి రోజు నుంచే మిరప లారీ ఎక్కారు. "ఇంగ చాలక్కా. మనల ఎవరు పిలుస్తరు" అంది చిన్నత్త. ఇన్నేళ్ళూ కష్టపడి కట్టుకున్న మర్యాద, గడప దాకా వచ్చి పిలిచే ఆ పిలుపు, కళ్ళముందే పోతోంది. పార్టీ ఉంటుందా, విడిపోతుందా అన్నట్టు ఉండింది ఆ ఏడాది.

నిజం చెప్పాలంటే నేను కూడా ఫోన్లోనే వింటాను. మీరూ అంతే. దాన్ని తిట్టి లాభం లేదు, అత్త కూడా తిట్టలేదు. ఎక్కడో కొండల్లో ఒకామె ఏదో తెలియని భాషలో పాడుతుంటే ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేది. "ఎంత మంచి గొంతు. ఈమెకన్న ఎవరన్న బొట్టు పెట్టిన్రో లేదో" అనేది.

కోత అయ్యాక మళ్ళీ దంతెవాడ వచ్చింది. స్టూడియో అతని పనీ అప్పటికి అంతంతమాత్రమే, పెళ్ళి ఫొటోలు అందరూ ఫోన్లలోనే తీసుకుంటున్నారు. ఇద్దరూ ఒకరి బాధ ఒకరికి చెప్పుకున్నారు. అతను చాయ్ తెప్పించి, పాటను మనమే సరిగ్గా నెట్‌లో పెడదామండి, విన్నప్పుడల్లా ఎంతోకొంత మనకొస్తుందండి అని వివరించాడు.

"ఎంతమంది ఇంటే ఒక చాయ్ పైసలొస్తయి?" అంది అత్త.

అతను కాలిక్యులేటర్ తీసి నొక్కాడు, ఆపి మళ్ళీ నొక్కాడు. అత్త సాసర్లో చాయ్ తాగేసి సాసర్ కింద పెట్టింది. "చాలామంది వినాలండి" అన్నాడు చివరికి. అందరం నవ్వాం, అతను కూడా.

"అయితే పైసల సంగతి ఇడిచిపెట్టు. పెట్టుడైతే పెడదాం. డోలు మాత్రం కొయ్యొద్దు. పాట షురూ అయ్యే ముందు మా నలుగురి పేర్లు, డోలు కొట్టేటాయన పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పి పాడుతం. నా ఒక్కదాని పేరు గాదు" అంది.

అలాగే పెట్టారు. పెళ్ళికి పాడించుకున్నవాళ్ళకు ఆ పాటను అక్కడికక్కడే రికార్డు చేసి చిప్పులో వేసి ఇద్దామన్న ఆలోచన మాత్రం స్టూడియో అతనిది. అమ్ముడుపోని మెమరీ చిప్పులు పెట్టెడు ఉన్నాయి అతని దగ్గర. ఆ పెళ్ళివాళ్ళ పేర్లతో, ఆ పందిట్లో పాడిన పాట, పక్కింటి పిల్లాడి ఏడుపుతో సహా. ఇంకే దుకాణంలోనూ దొరకదు, ఏ ఫోన్లోనూ ఉండదు.

నెమ్మదిగా మామ ఫోను మళ్ళీ మోగడం మొదలైంది. "మీ పాట నడుమ ఆగుతున్నదేంది?" అని అడిగేవాళ్ళు. మామ మామూలుగా మాటకారి కాదు, కానీ ఆ జవాబు మాత్రం రోజూ ఒకటే చెప్పేవాడు. "ఆగలే. మీ పిల్ల పేరు కోసం చూస్తున్నది."

పిలుపులు కోంటా నుంచి వచ్చాయి, మద్దేడ్ నుంచి వచ్చాయి, శబరి ఏరు అవతలి నుంచి వచ్చాయి. దూరం వాళ్ళు బొట్టు పెట్టడానికి రాలేకపోతే కుంకుమ పొట్లం, తాంబూలం బస్సు కండక్టరు చేత పంపేవాళ్ళు. కిరందుల్ టౌన్‌షిప్‌లో ఒక ఇంజనీరు గారింటి పెళ్ళికి పాడినప్పుడు ఆయన భార్య చిప్పు చేతిలో పట్టుకుని, "మా చుట్టాలంతా దూరాన ఉన్నారండి. దీన్ని నెట్‌లో పెట్టుకుంటే మీకేమైనా అభ్యంతరమా?" అని మొహమాటంగా అడిగింది. "మీరు పిలిచి పాడించుకున్న పాటమ్మా, మీ పేర్లున్నయి. అది మీది. దేశమంత వినిపించుకోండి" అంది అత్త. ఆ సాయంత్రం ఆమె ముఖం నేను దగ్గర నుంచి చూశాను. ఆమె మేనకోడలిని అని ఆ రోజు నాలుగు క్వార్టర్లవాళ్ళకు నేనే వెళ్ళి చెప్పుకున్నాను.

ఇప్పుడు మా వైపు పెళ్ళిచీర ఉన్న ట్రంకు పెట్టెలో ఆ చిప్పు కూడా ఉంటుంది, చిన్న గుడ్డపేలికలో చుట్టి. పిల్ల కాపురానికి పోతే అదీ వెంట పోతుంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ పెళ్ళిళ్ళ నెలల్లో మిరప లారీ ఆ నలుగురూ లేకుండానే కదిలింది. మా అత్తకు ఏ సన్మానమూ జరగలేదు, శాలువా కప్పలేదు. నలుగురు కూలి ఆడవాళ్ళని పాటగత్తెలుగా నిలబెట్టింది. అది చాలా పెద్ద పని అని నేను అనుకుంటాను, ఎవరేమనుకున్నా.

ఆమె దినానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. కన్నయ్య, జోగమ్మ కూడా వచ్చారు. కన్నయ్య జుట్టు నెరిసింది. "నా పెండ్లి జిల్లా మొత్తం చేసింది" అని ఏడుస్తూనే నవ్వాడు. జోగమ్మ ఆ రోజు అతన్ని ఏమీ అనలేదు.

అందరూ వెళ్ళిపోయాక అసలు దిగులు మొదలైంది. పాట ఎత్తుకునే మనిషి లేదు. మామ డోలు వైపు చూడటం లేదు. మిగిలిన ముగ్గురూ రోజూ వచ్చి వసారాలో కూర్చుని పోతున్నారు, ఎవరూ పార్టీ మాట ఎత్తడం లేదు. ఫోన్లో ఆమె గొంతు ఎలాగూ ఉంది, ఇక మమ్మల్నెవరు పిలుస్తారన్నది ముగ్గురి ముఖాల్లోనూ కనపడుతోంది. నేను సెలవు పొడిగించుకుని అక్కడే ఉన్నాను.

మైల తీరిన తర్వాతి వారం, కోంటా దగ్గరి ఊరి నుంచి ఒకావిడ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. మామ ఆమెను గడప దగ్గరే ఆపాడు.

"పాడేటామె లేదమ్మా. నీకు తెల్వదా?"

"తెలిసే వచ్చిన అన్నా. దినానికి గూడ వచ్చిన నేను. పెద్దబిడ్డ పెండ్లికి మీ పార్టే పాడింది. చిన్నదానికి గూడ మీరే పాడాలె."

"ఫోన్ల ఉంది గదమ్మా ఆమె పాట."

"ఉంటే ఉండనీ. ఫోన్ల ఉన్నది ఆమె. నేను పిలవనీకి వచ్చింది పార్టీని."

ఆమె భరిణె మూత తీసి పట్టుకుని నిలబడింది, ఎవరికి పెట్టాలో తెలియక. వసారాలో ముగ్గురూ తలలు వంచుకుని ఉన్నారు. మామ పక్కకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు. కాసేపటికి చిన్నత్త లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆమె ముందుకు వెళ్ళి నుదురు చూపించింది. బొట్టు పెట్టించుకుని, తాంబూలం కొంగులో పట్టింది. ఇన్నేళ్ళుగా ఆమె నోటి నుంచి నలుగురిలో ఒక పూర్తి మాట వినని మేమంతా చూస్తుండగా, "జీపు పంపుతవా, ట్రాక్టరా?" అని అడిగింది. "ట్రాక్టరైతే రాం."

"జీపే పంపుత" అంది ఆవిడ.

పెళ్ళి రోజు పొద్దున్నే జీపు వచ్చింది. మామ డోలు దించి, చర్మం బిగియడానికి ఎండలో పెట్టి, వేళ్ళతో తట్టి చూసుకుని ఎక్కాడు. చిన్నత్త ముందు సీట్లో కూర్చుంది. బండి కదలగానే పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు, వాళ్ళ మేనమామ పేరు పైకి అనుకోవడం మొదలుపెట్టింది. ఇంజను చప్పుడులో మేనమామ పేరు తప్పు పలికితే వెనకున్న ఇద్దరూ అరిచి సరిచేశారు. ఆమె మళ్ళీ మొదటి నుంచి అందుకుంది, ఈసారి గట్టిగా, రాగం కట్టి. నేను దారి మధ్యలో నిలబడి చూస్తున్నాను. దుమ్ములో జీపు మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా, నేనెన్నడూ చూడని ఆ పెళ్ళికూతురి పేరు కాసేపు వినపడుతూనే ఉంది.